ఏ రంగు ఎవరిది

అవయవదానం చేసినవాళ్ళ కుటుంబాలు కలిసి నడుపుకునే సంఘం ఒకటి ఢిల్లీలో ఉంది. దాని వెబ్‌సైట్‌ను నోయిడాలో అనూహ్య పనిచేసే కంపెనీ చూసుకుంటుంది. పోయినవాళ్ళలో ఒక్కొక్కరికీ అందులో ఒక పేజీ. ఇంట్లోవాళ్ళే లాగిన్ అయి, ఎడిటర్‌లో తమకు తోచినట్టు రాసుకుంటారు. కొందరు పెద్దక్షరాలు పెడతారు, కొందరు రంగులు వేస్తారు. ఆ రంగులూ సైజులూ అక్షరాల వెనక కంటికి కనబడని హెచ్‌టీఎంఎల్ ట్యాగుల్లో ఉంటాయి.

వానలు మొదలైన రోజుల్లో ఎవడో ఆ ట్యాగుల మాటున ఒక స్క్రిప్టు, అంటే దొంగ ప్రోగ్రాం ముక్క, అతికించాడు. చనిపోయిన పిల్లల ఫోటోల మీద జూదం ప్రకటనలు వచ్చిపడ్డాయి. సంఘంవాళ్ళు ఫోన్లోనే ఏడ్చారు.

"అన్నీ బంద్ చెయ్ అనూహ్యా. పేరా, బోల్డ్, లింకు, గంతే. మిగిలినవేవీ లోపలికి రావద్దు," అన్నాడు మేనేజర్ విష్ణు. అతనిది వరంగల్.

అనూహ్య ఆ పూటే ఫిల్టర్ బిగించింది. అనుమతించిన ట్యాగులు తప్ప తక్కినవన్నీ తీసేసేలా పెట్టింది. ఎడిటర్‌లో రంగుల బటన్ కూడా తొలగించింది. ప్రకటనలు పోయాయి. పేజీలన్నీ నల్లటి అక్షరాలతో ఒకే తీరుగా, శుభ్రంగా కనిపించాయి. చేసిన పని చూసుకుని తృప్తిపడింది.

దసరా వెళ్ళాక ఆఫీసుకు ఫోన్ వచ్చింది.

"తెలుగమ్మాయి ఉందన్నారు. నువ్వేనా అమ్మా?"

"నేనేనండి. చెప్పండి ఆంటీ."

"నా పేరు లక్ష్మీకుమారి. మయూర్ విహార్‌లో ఉంటాను. వరుణ్ మా అబ్బాయి. వాడి పేజీలో రంగులు పోయాయి."

జరిగిన దాడి గురించి అనూహ్య చెప్పింది, భద్రత కోసమే తీసేయాల్సి వచ్చిందంది. అవతల ఆవిడ ఓపిగ్గా విన్నది.

"సోకుకి వేసిన రంగులు కావమ్మా అవి. మా ఆయన నీలంలో రాసేవారు, నేను ఎరుపులో. ఆయన ఓ ముక్క రాస్తే దాని కింద నేనో ముక్క. వాడి గురించి నోటితో మాట్లాడుకోలేకపోయేవాళ్ళం. ఒకే ఇంట్లో ఉంటూ ఆరేళ్ళు అక్కడే చెప్పుకున్నాం. మొన్న ఆగస్టులో ఆయనా వెళ్ళిపోయారు. ఇప్పుడు ఏవి ఆయన మాటలో, ఏవి నావో తెలియట్లేదు."

"కంగారుపడకండి ఆంటీ. ఫిల్టర్ పైకి చూపించేటప్పుడే రంగు తీసేస్తుంది. మీరు రాసింది లోపల ఎలా ఉందో అలాగే ఉంటుంది. నేను చూసి చెబుతాను," అంది అనూహ్య.

ఫోన్ పెట్టేసి డేటాబేస్ తెరిచింది. వరుణ్ పేజీలో ఒక్క రంగు ట్యాగూ లేదు. ఆగస్టు చివర్లో ఆ పేజీ మళ్ళీ సేవ్ అయింది. భర్త పోయిన సంగతి రాయడానికి లక్ష్మీకుమారి దాన్ని తెరిచింది. తెరవగానే ఎడిటర్, రంగుల బటన్ తీసేయడంతో తన జాబితాలో లేకుండా పోయిన ట్యాగులన్నీ ఊడ్చేసింది. ఆవిడ ఒక వాక్యం చేర్చి సేవ్ నొక్కేసరికి, రంగులున్న పాత రాత మీద రంగుల్లేని రాత వచ్చి కూర్చుంది. పాత ప్రతులు దాచే ఏర్పాటు ఆ సైట్‌కు లేదు. బ్యాకప్‌లు నెలకు మించి ఉంచరు.

విష్ణు అంతా విన్నాడు. "పాపం. కానీ సేవ్ చేసింది ఆమెనే కదా? మనమేం చేస్తం? సారీ చెప్పి కంప్లైంట్ టికెట్ క్లోజ్ చెయ్," అన్నాడు.

ఆ మాట ఫోన్లో చెప్పడానికి అనూహ్యకు మనసొప్పలేదు. శనివారం మెట్రో దిగి మయూర్ విహార్ వెళ్ళింది. రెండో అంతస్తులో చిన్న ఫ్లాటు. లక్ష్మీకుమారి పలచటి మనిషి, జుట్టు సగం నెరిసింది. లాప్‌టాప్ అప్పటికే తెరిచి పెట్టుకుంది. అనూహ్య జరిగినదంతా చెప్పాక ఆవిడ తన చేతులకేసి చూసుకుంది.

"అయితే నేను సేవ్ నొక్కబట్టే పోయాయన్నమాట."

అవునని ఊరుకుంటే అక్కడితో అయిపోయేది. "కాదు ఆంటీ. సేవ్ నొక్కితే రాసింది నిలవాలి. పోయేలా పెట్టింది నేను. ముందుగా మీకెవరికీ ఒక మాటైనా చెప్పలేదు," అంది అనూహ్య.

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళింది. చాలాసేపు కుళాయి చప్పుడు వినిపించింది. తిరిగొచ్చేటప్పటికి ముఖం తడిగా ఉంది.

"చదువమ్మా. పైకి చదివితే గుర్తుపడతానేమో."

అనూహ్య మొదటినుంచీ చదవడం మొదలుపెట్టింది.

"వాడు మెట్రోలో ఎప్పుడూ చివరి పెట్టెలోనే ఎక్కేవాడు."

"ఆయనది. అది చదివేదాకా నాకా సంగతే తెలీదు."

"ఇవాళ కాకరకాయ వేపుడు చేశాను. ఇద్దరమూ వాడి పళ్ళెం వైపు చూడలేదు."

"నాది."

"వేపుడు బాగుంది. అప్పుడు చెప్పలేకపోయాను."

లక్ష్మీకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చేత్తో మాత్రం కానివ్వమని సైగ చేసింది. మధ్యాహ్నమంతా అలాగే సాగింది. కొన్నిటికి వెంటనే చెప్పేది, కొన్నిటికి రెండోసారి చదివించుకునేది. అనూహ్య ఒక్కొక్క వాక్యం పక్కన గుర్తు పెట్టుకుంటూ పోయింది. ఒకచోట మాత్రం ఆగిపోయారు.

"ఆస్పత్రిలో సంతకం పెట్టేటప్పుడు చెయ్యి వణకలేదు. ఇది చదివే తల్లిదండ్రులు కూడా భయపడవద్దు."

"ఇంకోసారి," అంది లక్ష్మీకుమారి. అనూహ్య మళ్ళీ చదివింది.

"నాకు వణికింది. పెన్ను జారి కిందపడితే నర్సు తీసిచ్చింది. కాబట్టి ఇది ఆయనది అనుకోవాలి. కానీ ఆయనకీ వణికిందమ్మా, నేను పక్కనే ఉన్నాను. ఇంకెవరి బిడ్డో బతకాలని మాలో ఒకళ్ళం అబద్ధం రాశాం. ఎవరం రాశామో నిజంగా గుర్తులేదు."

"ఏ రంగు పెట్టమంటారు?"

"ఏదీ వద్దు. నల్లగానే ఉండనీ. ఆయన అడిగితే నాదే అంటాను."

సోమవారం అనూహ్య విష్ణు దగ్గరికి వెళ్ళింది. కుటుంబాలను ఇష్టమొచ్చిన ట్యాగులు రాయనిస్తే ప్రమాదమేనని ఒప్పుకుంది. తామే పేరు పెట్టి తయారుచేసిన నాలుగైదు రంగుల్ని మాత్రం ఎడిటర్‌లో ఉంచి, ఫిల్టర్ జాబితాలోనూ చేరిస్తే స్క్రిప్టు దూరే సందు ఉండదంది. ఎడిటర్‌కూ ఫిల్టర్‌కూ ఒకే జాబితా ఉండాలనీ, పాత ప్రతులు దాచాలనీ కూడా అంది. విష్ణు టెస్ట్ సైట్‌లో తనే రకరకాల స్క్రిప్టులు అతికించి చూశాడు. ఏదీ దాటలేదు.

"ఠీక్ హై. పెట్టెయ్," అన్నాడు. ఆమె వెళ్ళబోతుంటే, "ఆ ఆంటీ ఎట్లున్నరు?" అని అడిగాడు.

వరుణ్ పేజీలో నీలమూ ఎరుపూ మళ్ళీ వచ్చాయి. నడుమ ఆ రెండు వాక్యాలు నల్లగా ఉన్నాయి. ఫిల్టర్ బిగించాక ఎవరూ ముట్టుకోని పేజీల్లో రంగులు వాటంతటవే తిరిగొచ్చాయి. మధ్యలో తెరిచి సేవ్ చేసినవి ఇంకా కొన్ని మిగిలాయి. ఆ ఇళ్ళవాళ్ళకు పోయింది రంగేనో, ఇంకేమైనానో అనూహ్యకు తెలియదు. ఇంతవరకూ ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

ఆమె మీటింగ్ గది తలుపు వేసుకుని ఆ ఇళ్ళలో మొదటిదాని నంబరు కలిపింది. ఘాజియాబాద్‌లో ఒక తండ్రి ఎత్తాడు.

"హా జీ, బోలియే."

తన పేరు చెప్పి, మీ అమ్మాయి పేజీ గురించి మాట్లాడాలి అంది హిందీలో. అవతల టీవీ గొంతు తగ్గింది. ఎవరో కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడైంది.