గయ్యాళి రొట్టెకు అసలు కారణం

మా వీధి బేకరీలో అడుగు మాడిన రొట్టెను గయ్యాళి రొట్టె అంటారు. టీలో ముంచితే విరిగిపోదని దాన్నే అడిగి కొనేవాళ్లున్నారు. ఏ ఇంట్లోనైనా మొగుడూ పెళ్లాం పోట్లాడుకుంటే "వాళ్లింట్లో గయ్యాళి రొట్టె కాలుతోంది" అనడం కూడా ఇక్కడి మాటే. ఆ గయ్యాళి నా భార్య. ఆమె పోయి నాలుగేళ్లయింది. ఆ పేరు మాత్రం పోలేదు.

పోయిన నెల హైస్కూలు టీచరమ్మ ఒకావిడ మా ఇంటికి వచ్చింది. ఇక్కడి మారుపేర్లు, తిండి పేర్లు, అవి ఎలా పుట్టాయో పోగుచేసి పుస్తకం వేయిస్తోందట. ఒక కాగితం తీసి ఏదో చదివింది. నేను తల ఊపాను.

"తల ఊపుతావేం నాన్నా, ఆవిడేం చదివిందో తెలుసా?" అని మా అమ్మాయి ఆ కాగితం తీసుకుని నా చేతిలో పెట్టింది.

అందులో ఇలా ఉంది. "గయ్యాళి రొట్టె: అడుగు మాడిన రొట్టె. బేకరీ కౌంటరు దగ్గర పనిచేసిన ఒకామె, లోపల పొయ్యి దగ్గరుండే భర్తను పొద్దస్తమానం తిట్టేది. ఆ గొడవలో రొట్టెలు మాడేవి."

"శనివారం అచ్చుకు ఇస్తున్నామండి. తప్పులుంటే చెప్పండి" అంది టీచరమ్మ, ఈసారి గట్టిగా.

నోటిమాటయితే అన్నవాళ్లతో పోతుంది. పుస్తకంలోకి ఎక్కితే వాళ్ల మనవలు కూడా చదువుతారు.

"తప్పే" అన్నాను. "ఆమె తిట్టలేదు. నాకు చెవుడు."

"అది ఇప్పటి సంగతి కదా నాన్నా" అంది అమ్మాయి.

"ముప్పై ఏళ్లనాటి సంగతి."

చెప్పాను. పొయ్యి గది వెనకాల ఉండేది. గడియారం ముందు గదిలో, కౌంటరు పక్క గోడకు. మధ్యలో పిండి కలిపే యంత్రం మోత. టైము చూసి, రొట్టెలు తియ్యమని కేక వెయ్యడం నా భార్య పని. నాకు ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది సగం పోయింది. తెలిస్తే యజమాని పొయ్యి దగ్గర ఉంచడు, పిండి బస్తాలు మోయిస్తాడు. నాకు పొయ్యిపనివాణ్ణన్న పొగరు. ఎవరికీ చెప్పొద్దని ఆమె చేత ఒట్టు వేయించుకున్నాను. అప్పట్నుంచి ఆమె గొంతు పెంచింది. "తియ్యవయ్యా మొద్దూ, నిలబడి నిద్రపోతున్నావా" అనేది. చెవి మాట మాత్రం ఎత్తేది కాదు. నాకు మూడో కేకకు గాని వినబడేది కాదు. ఆలోపు అడుగు మాడేది.

"ఆ పేరు తన దాకా వచ్చిన రోజు, పోనీలే, నీ పొయ్యి పని నీకుంది కదా అంది. నేను సరేనన్నాను."

ఆ సరే తలుచుకుంటే నా మొహాన నేనే ఉమ్ముకోవాలి.

"బడిలో నన్ను గయ్యాళి కూతురు అనేవాళ్లు" అంది అమ్మాయి. "ఇంటికొచ్చి అమ్మ మీద అరిచేదాన్ని. నువ్వక్కడే కూర్చుని అన్నం తినేవాడివి. జబ్బు చెవులకే అనుకున్నాను, నోటికి కూడా ఉందన్నమాట."

 

టీచరమ్మ పెన్ను మూత తీసింది. "మీరు భర్త కదండీ, వెనకేసుకొస్తున్నారంటారు. తెలిసినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?"

"దాచింది ఇద్దరం. ఒకరు పోయారు" అన్నాను. "రేపు బేకరీకి రండి. చూద్దురుగాని."

పాత యజమాని కొడుకే ఇప్పుడు బేకరీ నడుపుతున్నాడు. పొయ్యి మారలేదు, యంత్రం మారలేదు. పొద్దున రొట్టెల కోసం వచ్చినవాళ్లు వరసలో ఉన్నారు. అందరికంటే ముందు దర్జీ ఉన్నాడు. గయ్యాళి అన్న పేరు వీధి వీధికీ మోసినవాడు వాడే.

"ఏం బావా, మళ్లీ పనిలో చేరావా?" అన్నాడు.

యంత్రం వెయ్యమన్నాను. అమ్మాయిని కౌంటరు దగ్గర నిలబెట్టి, టైము కాగానే పిలవమన్నాను. ట్రేలు లాగే కొక్కెం పట్టుకుని పొయ్యి వైపు తిరిగి నిలబడ్డాను.

తర్వాతి సంగతి అమ్మాయి చెప్పగా తెలిసింది. ఒకసారి పిలిచిందట. ఇంకోసారి గట్టిగా పిలిచిందట. నేను కదల్లేదు. దర్జీ లోపలి గుమ్మం దాకా వచ్చి, "బావా, నీ చొక్కా అంటుకుంది" అని అరిచాడట. వరసలో ఉన్నవాళ్లు నవ్వారట. నేను అలాగే నిలబడి ఉన్నానట. అప్పుడు నవ్వులు ఆగాయట.

నాకు వినబడింది అమ్మాయి వేసిన మూడో కేకే. "తియ్యవయ్యా మొద్దూ." ఒక్క క్షణం నా భార్యే అనుకున్నాను. ట్రే లాగి రొట్టెలు బల్ల మీద బోర్లించాను. అడుగులు మాడి ఉన్నాయి.

దర్జీ వాటిని చూశాడు, నన్ను చూశాడు. నా మంచి చెవి వైపు వచ్చి, "పొరపాటయింది బావా. పాపం అక్కని ఊరికే అన్నాం" అన్నాడు.

"పొరపాటు ఒకసారి చేస్తారు. నువ్వు ముప్పై ఏళ్లు చేశావు."

వాడు రొట్టె కొనకుండా వెళ్లిపోయాడు. వెళ్లనిచ్చాను.

టీచరమ్మ ఆ పిండి బల్ల మీదే పాత వాక్యం కొట్టేసి కొత్తది రాసింది. పొయ్యి దగ్గరి భర్తకు చెవుడని, అది బయటపడకుండా భార్య కేకలు వేసేదని, తెలియనివాళ్లు ఆమెను గయ్యాళి అన్నారని.

"పేరు నేను మార్చలేనండి, జనం నోట్లో ఉంది. కారణం మార్చగలను" అంది.

"కారణం చాలు. దాచమన్నది భర్తేనని కూడా రాయండి."

రాసింది. చదివి చూసుకున్నాను. గుండెల మీది బండ దిగింది.

ఇంటికి వస్తూ అమ్మాయి గొంతు పట్టుకుని దగ్గింది. "మూడు కేకలకే బొంగురుపోయింది. అమ్మ రోజంతా ఎలా అరిచిందో" అంది. కోపం తగ్గలేదు. అయినా నాకు వినబడే వైపుకు మారి నడిచింది.

పుస్తకం వచ్చింది. ఆ పేజీ రెండుసార్లు చదివాను. దర్జీతో నాకు ఇప్పటికీ మాటల్లేవు. మిగతావాళ్లు నాతో ఏదైనా చెప్పాలంటే ఎదురుగా వచ్చి చేతులూపుతున్నారు. ఏమిటీ, మళ్లీ చెప్పు అని అడుగుతున్నాను. ముప్పై ఏళ్లు అన్నిటికీ తల ఊపి మెడ నొప్పి తెచ్చుకున్నాను. ఇప్పుడు హాయిగా ఉంది.