జలుబు చేసిన రోజు పాడిన పాట

వెర్లీన్ టగ్గిల్‌కి తన గొంతు తనదేనా అన్న అనుమానం పట్టుకుంది. ఇలాంటి అనుమానం పగవాడికి కూడా రాకూడదు. వస్తే మంచినీళ్ళు అడగడానికైనా నోరు తెరవబుద్ధి కాదు.

మెంఫిస్‌లో, ఒకప్పుడు చెప్పుల కొట్టుగా ఉన్న స్టూడియోలో ఆమె గుండె పిండే సోల్ పాటలు రాస్తుంది. రాసిన పాటకి ముందుగా తనే ట్రాక్ పాడుతుంది. ఆ టేపు ఇంటికి పట్టుకెళ్ళి నేర్చుకుని వచ్చి గాయని డెలోరిస్ పర్డీ పాడితే, అది రికార్డై ఊరూరా రేడియోల్లో మోగుతుంది. పేరు డెలోరిస్‌ది, అట్ట మీద ఫొటో కూడా డెలోరిస్‌దే. అలా మూడు పాటలు మోగాక స్టూడియో యజమాని గైథర్‌కి జాలి కలిగిందో, వెర్లీన్ సణుగుడు భరించలేకపోయాడో, "సరే, ఈ నాలుగోది నువ్వే పాడుకో" అన్నాడు.

వదిలేసి వెళ్ళినవాడి చొక్కా ఇంకా ఇస్త్రీ చేస్తూ కూర్చునే ఆడదాని పాట అది. ఆ చొక్కా ఇప్పటికీ వెర్లీన్ బీరువాలోనే ఉంది. మంచి గౌను వేసుకుని వెళ్ళి, ప్రాణం పెట్టి పాడింది. ఒక చరణం అయ్యీ అవకముందే గైథర్ టేపు ఆపించాడు.

"ఏంటమ్మా ఇది? అచ్చం డెలోరిస్‌లా పాడుతున్నావు!"

"నేనా? డెలోరిస్‌లాగానా?"

"ఆ సాగదీయడం, మధ్యలో ఆ ముక్కు ఎగబీల్చడం, అన్నీ ఆవిడవేగా. నాకు అసలావిడ ఉండగా ఇంకొకతె ఎందుకు?"

వెర్లీన్ మళ్ళీ పాడింది. ఈసారి సాగదీయలేదు, ఎగబీల్చలేదు. ఏది డెలోరిస్‌ది అనిపిస్తే అది తీసేస్తూ పోయింది. చివరికి మందుల చీటీ చదివినట్టు తయారైంది పాట.

"రేపు ఇంకోసారి చూద్దాం. కుదరకపోతే ఆవిడకే ఇచ్చేద్దాం" అన్నాడు గైథర్.

ఇంటికొచ్చేసరికి తల్లి ఓలా మే చేపముక్కలు మొక్కజొన్న పిండిలో దొర్లించి వేయిస్తోంది. రేడియోలో డెలోరిస్ పాడుతోంది. రెండో చరణం ముందు ఆవిడ ముక్కు ఎగబీల్చగానే వెర్లీన్ రేడియోకి చెవి ఆనించింది. ఆ ట్రాక్ పాడిన రోజు తనకి జలుబు. ముక్కు కారకుండా పైకి పీల్చుకుంది, అంతే. మహాతల్లి దాన్ని కూడా నేర్చేసుకుంది!

"అమ్మా, అది నా జలుబే!"

"ఇంకేం, నీ జలుబు రేడియోకెక్కింది. గొప్పదానివయ్యావు."

"నవ్వకే. సాగదీయడం కూడా నాదే. నావన్నీ ఆవిడ ఎత్తుకుపోతే, నన్ను దొంగంటున్నారు."

తల్లి చేపముక్క తిరగేసింది. "సాగదీయడం నీదేంటే? నాది. చర్చిలో నా పక్కన నిలబడి నేర్చావు."

"మరి నీకెక్కడిది?"

"మా అమ్మది. ఆవిడకి ఒక్క పన్నూ లేదుగా. మాట బయటపడటానికి అంతసేపు పట్టేది పాపం. పాట అయిపోయిందనుకుని పాస్టర్ గారు లేచేవారు, ఈవిడింకా సాగదీస్తుంటే మళ్ళీ కూర్చునేవారు. మేమేమో అదే రాగం కాబోసనుకున్నాం."

వెర్లీన్‌కి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఒకటేమో జలుబు, ఇంకొకటేమో బోసినోరు. ఈ రెండూ తీసేస్తే ఇక తన దగ్గర ఏముంది? ఆ పూట చేప రుచించలేదు.

మర్నాడు స్టూడియోకి వెళ్ళేసరికి డెలోరిస్ అప్పటికే వచ్చి కూర్చుని ఉంది. గైథర్ ముందుజాగ్రత్త మనిషి. వెర్లీన్‌కి ఒళ్ళు మండింది.

"ఏవమ్మాయ్, ట్రాక్ ఏది? ట్రాక్ వినకుండా నాకు ఒక్క ముక్క రాదు" అంది డెలోరిస్.

"నా జలుబుతో సహా నేర్చుకుంటారుగా మీరు!"

"జలుబేంటి?"

"రెండో చరణం ముందు ముక్కు ఎగబీలుస్తారే, అది ఏడుపు కాదు. ఆ రోజు నాకు ముక్కు కారుతోంది."

డెలోరిస్ మొహం చిన్నబోయింది. "నేను ఏడుపే అనుకున్నాను" అంది మెల్లగా. "అక్కడికి రాగానే ప్రతిసారీ మా తమ్ముణ్ణి తలుచుకుంటాను. ఏట్లో పడి పోయాడు వాడు. వాణ్ణి తలుచుకుంటే గానీ నాకది రాదు."

వెర్లీన్ పోట్లాడదామనే వచ్చింది. తన జలుబు వెళ్ళి వెళ్ళి ఆవిడ తమ్ముడి దగ్గర చేరింది. ఇప్పుడు ఏమని తిరిగి ఇమ్మనాలి?

"ఎవరో ఒకరు పాడండమ్మా!" అని టేపు గది అద్దం వెనక నుంచి అరిచాడు గైథర్.

ఆవిడకన్నా ముందు వెర్లీన్ మైకు దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఏది తనదో, ఏది కాదో ఏరుకునే ఓపిక లేక, వచ్చింది వచ్చినట్టే సాగదీసింది. సాగదీస్తుంటే అమ్మమ్మ బోసినోరు, లేవబోయి మళ్ళీ కూర్చున్న పాస్టర్ గారు కళ్ళ ముందుకొచ్చారు. చొక్కా మడత పెట్టే మాట దగ్గర, సరిగ్గా ఏడవాల్సిన చోట, ఫక్కున నవ్వొచ్చింది. ఆపుకోలేక నవ్వుతూనే పాడింది. నవ్వు వెనకే ఏడుపూ వచ్చింది.

పాట అయిపోయింది. పాడుచేశానని వెర్లీన్ క్షమించమనబోయింది. ఈలోగా "టేపు తిరుగుతూనే ఉందా?" అని గైథర్ కంగారుగా అడగడం వినిపించింది. ఉందన్నారు. "అయితే ముట్టుకోకండి. అదే ఉంచండి" అన్నాడు.

డెలోరిస్ లేచి వచ్చింది. "ఆ నవ్వెక్కడిది?"

"మా అమ్మమ్మది. ఆవిడకి పళ్ళుండేవి కావు."

డెలోరిస్ నవ్వలేదు. తన వాళ్ళందరినీ లోపల ఒక్కొక్కరినే వెతుక్కుంది. తర్వాత కోటు అందుకుంది.

"మా అమ్మమ్మకి పోయేదాకా ముప్పై రెండూ గట్టిగానే ఉన్నాయి" అంది. "ఇది నావల్ల కాదమ్మాయ్. నువ్వే ఉంచుకో."