టిల్డ వినే వేగం

పుస్తకం పట్టుకోవడమంటే లీస్బెత్‌కు ఎప్పుడో విసుగు పుట్టింది. పొద్దంతా చేపల ఫ్యాక్టరీలో నిలబడి కాడ్ చేపల ముళ్లు తీసి, ఇంటికొచ్చి ఇంత రై రొట్టె నోట్లో వేసుకుని, కూతురి పక్కన కూలబడి పాఠాలు పైకి చదవాలి. టిల్డకు అక్షరాలు ఓ పట్టాన లొంగవు. బుర్ర మాత్రం చురుకు. ఒకసారి చెవిన పడితే మరిచిపోదు. అందుకని రెండో తరగతి నుంచీ తల్లే దాని కళ్లు. డెన్మార్కు రాజులందరూ, కప్ప గుండె, భిన్నాలు, అన్నీ లీస్బెత్ గొంతులోంచే దాటిపోయాయి. ఒక్కటీ ఆమె బుర్రలో నిలవలేదు.

మొన్న ఆకులు రాలే కాలంలో బడివాళ్లు టిల్డకు ఒక ల్యాప్‌టాప్ ఇచ్చారు. ఏ పాఠమైనా అదే పైకి చదివి వినిపిస్తుంది. లీస్బెత్‌కు ప్రాణం లేచొచ్చింది. కానీ టిల్డ ఇంట్లో దాన్ని సంచిలోంచి తీస్తే ఒట్టు.

"ఆ గొంతు నాకు పడదమ్మా. నువ్వే చదువు," అనేది.

లీస్బెత్ చదివేది. వాక్యం మధ్యలో కునుకు పట్టేది. టిల్డ మోచేత్తో పొడిచేది. మే నెలలో తొమ్మిదో తరగతి పరీక్షలు. పరీక్ష గదిలోకి ల్యాప్‌టాప్‌ను రానిస్తారు, తల్లిని రానివ్వరు. పిల్ల అక్కడ ఒంటరిగా ఏం చేస్తుందో తలుచుకుంటే లీస్బెత్‌కు తిండి సయించేది కాదు.

అందుకే మార్చిలో, తల్లినీ పిల్లనూ కలిపి కూర్చోబెట్టి బడివాళ్లు మాట్లాడే రోజున, టీచరు వీబెకె ఇంకా కాఫీ పోస్తుండగానే లీస్బెత్ మొదలుపెట్టింది.

"ఇది ఆ మిషను ముట్టుకోదు. చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. మీరైనా కాస్త గడ్డి పెట్టండి."

వీబెకె టిల్డ వంక చూసింది. టిల్డ కిటికీ వంక చూసింది.

"ముట్టుకోకపోవడమేంటి లీస్బెత్? క్లాసులో అందరికంటే ముందు ముగించేది టిల్డే. హోంవర్కు కూడా ఇక్కడే అవగొట్టి బస్సెక్కుతుంది. ఏదీ, నువ్వు వినే వేగంలో ఓసారి పెట్టమ్మా."

టిల్డ అయిష్టంగా మీట నొక్కింది. కోళ్లగూట్లో పిల్లి దూరినట్టు ఒకటే గోల. లీస్బెత్‌కు ఒక్క ముక్క అందలేదు. మధ్యలో టిల్డ ఫక్కున నవ్వింది.

"ఎందుకే నవ్వుతావు?"

"కథలో పాస్టరు పడవలో మేకను మరిచిపోయాడు."

తిరిగి వెళ్తుంటే కారులో లీస్బెత్‌కు ఒళ్లు మండిపోతోంది.

"చలికాలమంతా అయిపోయిన పాఠాలే చదివించావన్నమాట. నేనేమన్నా వెర్రిదాన్నా? ఎంత అలిసిపోయి వస్తానో నీకు తెలీదూ?"

"తెలుసు. నాకూ అలసటేనమ్మా. విన్నదే మళ్లీ వినాలి, అదీ నీ నత్తనడకలో. ఒక్కోరోజు ఏడుపొచ్చేది."

"మరెందుకు చదవమన్నావు?"

టిల్డ సీటు బెల్టు లాగి వదిలింది.

"నాన్న వెళ్లిపోయాక నువ్వు ఎవరితోనూ మాట్లాడ్డం లేదు. సోఫాలో కూర్చుని గోడకేసి చూస్తావు. చేతిలో పుస్తకం పెడితేనే నోరు విప్పుతావు. నేను మిషను పెట్టుకుంటే ఇక అసలు మాట్లాడవనుకున్నా."

లీస్బెత్ కారు పక్కకు తీసి ఆపింది. అలాంటిదేం లేదని గదమాయించబోయింది. ఇన్నాళ్లూ పిల్లను తను మోస్తున్నాననుకుంది. పిల్ల తనను మోస్తోందని తెలిసి సిగ్గేసింది. సిగ్గుకన్నా ఎక్కువగా జాలేసింది. పదిహేనేళ్ల పిల్లకు ఇంత బరువేంటి?

"పరీక్షకు మిషను పట్టుకెళ్తావుగా?"

"ఊఁ. పాసవుతాలే."

"మరి సాయంత్రాలు?"

"నువ్వే చెప్పు."

ఏదైనా చెప్పాలి, పుస్తకంలో లేనిది. లీస్బెత్ చాలాసేపు వెతుక్కుంది. టిల్డ తొందర పెట్టలేదు.

"ఇవాళ పనిలో వేలు కోసుకుంది," అంది చివరికి.

"ఏదీ, చూపించు," అంది టిల్డ.