ఏడవని పిల్లల గది

కౌసర్ జాకెట్టు పాలతో తడిసిపోయింది. కుట్టుమిషన్ల హాలుకూ పిల్లల గదికీ మధ్యనున్న ఇనుప తలుపు దగ్గర నిలబడి, రెండు చేతులూ రొమ్ములకు అడ్డం పెట్టుకుని, సూపర్‌వైజర్ రమేష్‌ను బతిమాలుతోంది.

"అయిదు నిమిషాలు సార్. పాపకు పాలిచ్చి పరిగెత్తుకోని వస్తా. గడ్డలు కట్టి సలుపుతాండాయి."

"ఇంకా నలభై కాలర్లు ఉండాయి నీయి. పాప ఏడుస్తాందా? ఏదీ, ఇను. ఏమన్నా ఇనపడతాందా? అది హాయిగా పండుకోనుంటే నీకేం తొందర? పో, పో, మిషన్ కాడికి."

కౌసర్ చెవి రిక్కించి వింది. నిజమే, ఏమీ వినిపించలేదు. తడి మీదికి పైట లాక్కుని వెనక్కి వెళ్లిపోయింది.

నర్సు భాగ్యశ్రీ పిల్లల గదిలో నుంచి ఇదంతా చూసింది. చూసి, తల తిప్పుకుని, బరువు తూచే మిషన్ తుడవడం మొదలుపెట్టింది. మంచి మనిషే, పని తెలిసిన మనిషే. కానీ ఆ రోజు తల తిప్పుకుంది. ఆ మాట ముందే చెప్పేయాలి.

హిందూపురం నుంచి పరిగి పోయే దారిలో ఉంటుంది ఆ బట్టల ఫ్యాక్టరీ. పదేళ్ల కిందట అది వేరుశనగ చేను. చేను లక్ష్మీనారాయణది. నేల కంపెనీకి ఇచ్చి, బదులుగా కూలీల కాంట్రాక్టు పుచ్చుకున్నాడు. "మా చేన్లో కాయలు ఒలిచినోళ్ల కూతుర్లకు నీడపట్టున పని చూపిచ్చినా" అని మీటింగులో గొప్పలు పోతుంటాడు. యాభై మంది పనిచేసే చోట పిల్లల గది ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వచ్చి బిడ్డను చూసుకోవచ్చనీ చట్టం చెబుతుంది. గది ఉంది. తనిఖీకి వచ్చే దొరలకు చూపించడానికి గోడ నిండా బొమ్మలు కూడా ఉన్నాయి, ప్లాస్టిక్ కవర్లు విప్పకుండా. ఆ నాలుగుసార్లు అన్న మాట మాత్రం ఇనుప తలుపు దాటి హాల్లోకి పోలేదు.

భాగ్యశ్రీ ధర్మవరం నేతగాళ్ల ఇంటి పిల్ల. మగ్గం గుంటలో నాయన ఓబుళప్ప, పక్కన రాట్నం తిప్పుతూ అమ్మ, అమ్మ కాలి వేలికి ఉయ్యాల తాడు. తమ్ముడు ఏడిస్తే రాట్నం ఆగేది. చీర మర్నాడు ఇవ్వాల్సి ఉన్నా సరే, ఆగేది. భాగ్యశ్రీ హిందూపురంలో నర్సింగ్ చదివి, పెనుకొండలో రెండేళ్లు పనిచేసి, ఈ ఫ్యాక్టరీకి వచ్చి నాలుగు నెలలైంది. పిల్లల ఎదుగుదల కనిపెట్టడం ఇక్కడ ఆమె పని. నెలకోసారి బరువు చూడాలి, చేతి చుట్టుకొలత చూడాలి, మెడ ఎప్పుడు నిలిపారో, ఎప్పుడు కూర్చున్నారో, ఎప్పుడు మాటకు తిరిగి చూశారో రాసిపెట్టాలి.

ఇంకో పని కూడా అప్పజెప్పారు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి పిల్లలకు దగ్గు మందు పోయాలి. బట్టల నూగు గొంతులోకి పోతుంది కాబట్టి ముందు జాగ్రత్తట. వారానికోసారి లక్ష్మీనారాయణ మనిషి గోధుమరంగు సీసా ఇచ్చిపోయేవాడు. సీసా మీద చీటీ ఉండేది కాదు. పెద్ద డబ్బాలోంచి వంచి తెస్తున్నాం అన్నాడు, భాగ్యశ్రీ సరేననుకుంది.

తల్లులూ సరేననుకున్నారు. వాళ్లకు అనుమానం రాకపోవడానికి ఒక కారణం ఉంది. ప్రతి తల్లీ పొద్దున బిడ్డతోపాటు సంచిలో ఉగ్గుగిన్నె తెచ్చి ఆయా ఖైరున్‌బీ చేతికి ఇచ్చేది. కౌసర్‌ది ఆమె అవ్వ వాడిన ఇత్తడి గిన్నె, మూతి కాస్త సొట్టపోయింది. ఆముదమైనా, వాము నీళ్లైనా, తరతరాలుగా ఆ గిన్నెలో పోసిందల్లా బిడ్డ మేలు కోరి పోసిందే. ఇప్పుడు మందు కూడా అందులోనే పోస్తున్నారు కదా, ఇంక సీసా వైపు ఎవరు చూస్తారు?

పంతొమ్మిది మంది పిల్లలు. పొద్దున పదింటికి వరసగా పడుకుంటే సాయంత్రం సైరన్ దాకా గమ్మున ఉండేవాళ్లు. "మా పాప ఏమన్నా సతాయించిందా సిస్టరమ్మా?" అని కౌసర్ అడిగితే, "బంగారం. బుద్ధిమంతురాలు" అనేది భాగ్యశ్రీ. పదకొండు నెలల పిల్ల పొద్దస్తమానం కదలకుండా పడి ఉంటే దాన్ని బుద్ధి అనుకుంది, అంత చదువు చదివి!

ఆ బంగారం పేరు జరీనా. ఎనిమిదో నెలలో ఏడు కిలోలు దాటింది, సొంతంగా కూర్చుంది, చప్పట్లు కొడితే నవ్వింది. పదకొండో నెలకు ఆరుంబావు కిలోలకు దిగింది. కూర్చోబెడితే పక్కకు ఒరిగిపోతోంది. పిలిస్తే తిరగడం లేదు. కౌసర్ దిష్టి అనుకుని దర్గాలో తాయెత్తు కట్టించింది. కౌసర్ లైనులోనే కుట్టే చౌడమ్మ కూతురు వెన్నెలకు రెండేళ్లు. వచ్చిన నాలుగు మాటలూ మరిచిపోయింది. చౌడమ్మ మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. తల్లులు పాలు తక్కువయ్యాయేమోనని తమను తామే తిట్టుకున్నారు. ఆడదానికి ఎప్పుడూ చేతికి అందే తప్పు తనదే.

ఒక సోమవారం సీసా రాలేదు.

ఆ రోజు పదకొండింటికి ఒక బిడ్డ లేచి ఏడ్చింది. దాని ఏడుపుకు ఇంకొకటి. అర గంటలో గది గదంతా గోల. వెన్నెల పక్క పిల్ల చెయ్యి కొరికింది, బొమ్మల కవర్లు చింపింది. మంగళవారం నాటికి ఏడుపుల మధ్య నవ్వులు కూడా మొదలయ్యాయి. బుధవారం మధ్యాహ్నం భాగ్యశ్రీ చేతిలోంచి గరిటె జారి పడితే జరీనా ఆ చప్పుడుకు తల తిప్పి చూసింది.

భాగ్యశ్రీ గోడకు జారగిలబడి కూర్చుండిపోయింది. నాలుగు నెలలుగా తాను తన చేత్తో పోసింది ఏమిటో అర్థమైంది. అరచేతులు చీరకు తుడుచుకుంది.

హాల్లో తల్లులకు ఏడుపులు వినిపిస్తూనే ఉన్నాయి. సూది కింద వేళ్లు తడబడ్డాయి. ఇద్దరు లేచి తలుపు దగ్గరికి వచ్చేశారు. లైన్లు వెనకబడ్డాయి. ఆ సాయంత్రమే కొత్త సీసా వచ్చింది, దాని వెనకే లక్ష్మీనారాయణ కూడా వచ్చాడు.

"నేను పొయ్యను సార్. ఇది దగ్గు మందు కాదు" అంది భాగ్యశ్రీ.

ఆయన గొంతు పెంచలేదు. "అట్లనా? నాలుగు నెల్లు పోసినావు గదమ్మా. సీసా మీద నా పేరు ఉండాదా? పోసిన చెయ్యి ఎవురిది? రేపు ఎవురన్నా అడిగితే నువ్వే సమాధానం చెప్పల్ల. మీ నాయన మంచాన పడినాడంటనే. ఆలోచన చేసుకో."

ఆమె ఆ రాత్రి జైలు తలుచుకుంది, నాయనను తలుచుకుంది. పొద్దునకు ఒక నిర్ణయానికొచ్చింది. తల్లులకు చెప్పాలి, కానీ ఊరికే చెబితే ఎవరు నమ్ముతారు? పెద్దవాళ్లెవరైనా చూసి ఖాయం చేస్తే, కాగితం ఒకటి చేతిలో ఉంటే గట్టిగా చెప్పొచ్చు. చదువుకున్నవాళ్ల జబ్బు ఇదే. ఎదురుగా ఫ్యాక్టరీలో ఆరువందల మంది మనుషుల్ని పెట్టుకుని కాగితం కోసం పరిగెడతారు. ముందురోజు సాయంత్రమే సీసాలోంచి చిన్న డబ్బాలోకి వంచుకున్న మందు తీసుకుని, సీసాను గదిలోనే వదిలేసి, గురువారం పొద్దున పనికి పోకుండా హిందూపురంలో తనకు పాఠం చెప్పిన టీచరమ్మ ఇంటికి వెళ్లింది.

ఆమె నాలుక మీద చుక్క వేసుకుని ఉమ్మేసింది. "మత్తొచ్చే మందు ఇది. ఇంత పసిపిల్లలకా? ఊపిరి ఆగిపోతాది గదే తల్లీ! ఫో, ముందు పోయి ఆపిచ్చు."

కాగితం రాసిమ్మని అడగకుండానే భాగ్యశ్రీ ఆటో ఎక్కింది.

గదిలో ఖైరున్‌బీ నేల మీద కూర్చుని, ఒళ్లో జరీనాను పెట్టుకుని, బరువుల చార్టుతో విసురుతోంది. "లేయడం ల్యా సిస్టరమ్మా. ఈ పొద్దు సరుకు పోవల్ల, సప్పుడు రాగూడదు, రెండేసి గిన్నెలు పొయ్యమన్యాడు రమేష్ సారు. నాకేం తెలుసమ్మా, నాకేం తెలుసు..."

బిడ్డ పెదాలు నీలంగా ఉన్నాయి. భాగ్యశ్రీ నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదింది. ఇనుప తలుపు కాలితో తన్ని తెరిచి "కౌసర్!" అని అరిచింది. కంపెనీ వ్యాను సరుకు ఎక్కించుకుని ఉంది, దించడానికి వీల్లేదన్నారు. బిడ్డను అదే ఆటోలో ఎక్కించారు. హిందూపురం దాకా భాగ్యశ్రీ ఊదుతూనే ఉంది, కౌసర్ పాప పాదాలు రుద్దుతూనే ఉంది. ఆసుపత్రిలో డాక్టరు నాడి పట్టుకుని చూసి, పాప ముఖం మీదికి గుడ్డ లాగాడు.

జరీనాను ఆ సాయంత్రమే మట్టిలో పెట్టారు.

మర్నాడు పొద్దున బస్సులు దిగిన ఆడవాళ్లు లోపలికి పోలేదు. పిల్లలను చంకనేసుకుని గేటు ముందే నిలబడ్డారు. లక్ష్మీనారాయణ గేటు పక్క అరుగు ఎక్కాడు. పక్కన పోలీసు జీపు ఉంది.

"మీ బాధ నా బాధ తల్లీ! ఆ నర్సు తెలివి తక్కువగా ఏదో మందు పోసి పసిదాని పానం తీసింది. కేసు పెట్టించినా. దాన్ని వదిలేది లేదు. మీరు లోపలికి పోండి, పని చేసుకోండి."

భాగ్యశ్రీ ధర్మవరం బస్సెక్కి పోవచ్చు. పోలేదు. జనంలోంచి నడిచి ముందుకొచ్చింది.

"పోసింది నేనే" అంది. "నాలుగు నెలలు పోసినా. దగ్గు మందని ఈయన మనిషి సీసా తెచ్చిస్తే నమ్మినా. మీ పిల్లోళ్లు ఏడవకుండా, మీరు మిషన్ మింద నుంచి లేయకుండా పోయించిన మత్తు మందు అది. బరువు తగ్గింది, మాటలు పోయింది దానివల్లే. దిష్టి కాదు. మీ పాలు తక్కువై కాదు. బుధవారమే నాకు తెలిసింది. బుధవారమే మీకు చెప్పింటే జరీనా ఉండేది."

చౌడమ్మ వచ్చి చెంప పగలగొట్టింది. "నా బిడ్డి మాటలు ఎత్తుకపోతివి గదే! బుద్ధిమంతురాలు అంటివి గదే!"

భాగ్యశ్రీ చెంప పట్టుకోలేదు, వెనక్కి జరగలేదు.

"చంపండి దాన్ని!" అని ఎవరో అరిచారు. "సీసా ఇచ్చినోన్ని అడగండే ముందు!" అని ఇంకొకరు. "మనం మాత్రం? గమ్మున పండుకుంటే పీడా పాయె అని మురిసిపోతిమి గదా!" అంటూ ఒకామె గొల్లుమంది. తోపులాట మొదలైంది. లక్ష్మీనారాయణ ఆగమని జీపు వైపు చేత్తో సైగ చేశాడు. నర్సును జనం కొడితే ఆయనకు ఇంకా మంచిది.

అప్పుడు కౌసర్ వచ్చింది. ఎవరూ రమ్మనలేదు. జాకెట్టు మళ్లీ పాలతో తడిసి ఉంది. చేతిలో సొట్టపోయిన ఇత్తడి ఉగ్గుగిన్నె ఉంది. దారి ఇచ్చారు.

"సిస్టరమ్మా, ఆ మందు ఉండాదా నీకాడ?"

భాగ్యశ్రీ చిన్న డబ్బా తీసి ఇచ్చింది. కౌసర్ మూత తీసి ఉగ్గుగిన్నె నిండా పోసి, మిగిలిన మందుతో డబ్బా తిరిగి ఇచ్చేసింది. ఒలకకుండా పట్టుకుని అరుగు మెట్లెక్కి లక్ష్మీనారాయణ ముందు నిలబడింది.

"తాగప్పా."

"ఏందమ్మా ఇది..."

"దగ్గు మందే గదా. పదకొండు నెల్ల బిడ్డ తాగింది, రెండు గిన్నెలు. నువ్వు ఒకటి తాగు. నా బిడ్డి గిన్నే ఇది, కడిగి తెచ్చినా."

ఆయన మీసం దగ్గరికి గిన్నె పోయింది. ఆయన తల వెనక్కి లాక్కున్నాడు. గేటు ముందున్న ఆరువందల మందీ చూశారు.

"తాగు!" అంది చౌడమ్మ కింద నుంచి.

"తాగు! తాగు!" సంచుల్లోంచి ఉగ్గుగిన్నెలు బయటికి వచ్చాయి. ఇత్తడివి, కంచువి, స్టీలువి. గేటు ఇనుప చువ్వల మీద టంగు టంగుమని కొట్టారు. లక్ష్మీనారాయణ చెయ్యి విసిరి గిన్నెను నెట్టేశాడు. మందు ఆయన తెల్ల చొక్కా మీద ఒలికి గోధుమరంగు మరక పడింది.

"చూసినారా!" అంది కౌసర్ వెనక్కి తిరిగి. "పోసిన చెయ్యి ఈ యమ్మది. నింపిన చెయ్యి వానిది. రెండు చేతులకూ బేడీలు ఎయ్యల్ల. ఒక్కదానికి ఏస్తే మేం ఒప్పుకోం."

ఎస్సై భాగ్యశ్రీ ఒక్కదాన్నే జీపెక్కించాడు. ఆమె తనే ఎక్కింది. "నేను వస్తా సార్. ఆ డబ్బా కూడా వస్తాది. ఇచ్చినోళ్ల పేరు రాసుకోండి" అంది. లక్ష్మీనారాయణ ఆఫీసులోకి పోయి తలుపేసుకున్నాడు.

"చల్లో" అంది చౌడమ్మ. "స్టేషన్ కాడికి. ఆ నాకొడుకు పేరు రాసుకునేదాకా మిషన్ ముట్టేది లేదు. పిల్లోళ్లకాడికి నాలుగు తూర్లు పోయేదాకా, ఆ ఇనుప తలుపు ఊడబెరికేదాకా ముట్టేది లేదు."

జీపు వెనక ఆరువందల మంది హిందూపురం రోడ్డు పట్టారు. లోపల ఒక్క మిషన్ తిరగడం లేదు. చౌడమ్మ కాసేపు కౌసర్ పక్కనే నడిచింది. కౌసర్ ఖాళీ చేతులు చూసింది. వెన్నెలను తీసి ఆ చేతుల్లో పెట్టింది.

కొత్త చేతులు, ఎండ, ఆకలి. వెన్నెల గుక్కపెట్టి ఏడ్చింది. అది విని చంకల్లో ఉన్న పిల్లలంతా అందుకున్నారు. పద్దెనిమిది మంది. మందు దిగని గొంతులు.

"ష్, గమ్మునుండే" అంది చౌడమ్మ అలవాటుగా, చెయ్యి చాపి.

"ఏడవనీ అక్కా" అంది కౌసర్, పిల్లను గుండెకు ఇంకా దగ్గరగా హత్తుకుని. "స్టేషన్ దాకా ఇనపడనీ."

ఆ దారంతా ఒక్క తల్లి కూడా బిడ్డను ఊరుకోబెట్టలేదు.