ఓబుళేశు ఆడించని ఆట లేదు

మూడో నంబరు మిషను మూత తీసి, పెయింటు బ్రష్షుతో దుమ్ము దులుపుతున్నాడు ఓబుళేశు. ఆ దుమ్ములో సగం కర్నూలు ఎండాకాలానిది, సగం రాఘవేంద్రప్రసాద్ శెట్టిది. ప్రతి దసరాకీ శెట్టి తన పదకొండు కంప్యూటర్లకూ ఆయుధపూజ చేస్తాడు. బొట్టు పైన పెడితే చాలు సామీ అని ఎన్నిసార్లు చెప్పినా వినడు. పని జరిగేది లోపలైతే బొట్టు బయటెందుకంటాడు. ఆ కుంకుమ ఫ్యాన్లకు పట్టి, ఎర్రటి జిడ్డై, ఏడాది పొడవునా మిషన్లను వేడెక్కిస్తుంది. ఓబుళేశు దాన్ని అగ్గిపుల్లకు దూది చుట్టి తీస్తాడు. తీశాక చెత్తబుట్టలో వేయడానికి మనసొప్పక కాగితంలో మడిచి కిటికీలో పెడతాడు.

కొండారెడ్డి బురుజు వెనక సందులో, బట్టల కొట్టు మేడ మీద ఉంది ఆ గేమ్ సెంటరు. పైన రేకులు. మే నెల, పొద్దున తొమ్మిదికే గోడలు కాలుతున్నాయి. ఓబుళేశుకు ముప్పై తొమ్మిదేళ్ళు. సన్నటి మనిషి. తెరల్లోకి తొంగిచూసి చూసి మెడ ముందుకు సాగింది. స్క్రూలు తిప్పి తిప్పి కుడి చూపుడువేలి గోరు నిలువునా చీలింది.

పదిహేడో ఏట శెట్టిగారి కిరాణా కొట్లో పొట్లాలు కట్టడానికి వేంపల్లె నుంచి వచ్చాడు. మొదటి రోజే శెట్టి తండ్రి ఒక పాఠం చెప్పాడు. గల్లా పెట్టె ముందు 'లేదు' అనకూడదు, 'కాదు' అనకూడదు. బియ్యం అయిపోతే నిండుకున్నాయనాలి. బెల్లం కావాలంటే రేపొస్తుందనాలి. లక్ష్మి ఆ రెండు మాటలూ వింటే గుమ్మంలోంచే తిరిగిపోతుందట. కిరాణా కొట్టు పోయి ఈ సెంటరొచ్చింది, పెద్దాయన పోయి కొడుకొచ్చాడు, కానీ ఓబుళేశు నాలుకకు ఆ రెండు మాటలూ అలవాటు కాలేదు. ఎవరు ఏ సీడీ తెచ్చి ఆడుతుందా అని అడిగినా, "ఆడుతుందిలే, రేపు రాప్పా" అనేవాడు. అన్నాడు గనక కూర్చుని ఆడించేవాడు. ఓబుళేశు ఆడించని ఆట లేదని ఊళ్ళో కాలేజీ పిల్లలందరికీ తెలుసు.

అది మాటలంత తేలిక కాదు. ఇది రెండువేల ఎనిమిది, మిషన్లలో ఉన్నది విండోస్ తొంభై ఎనిమిది. తయారుచేసినవాళ్ళే రెండేళ్ళ కింద దానికి నీళ్ళొదిలేశారు. కొత్త ఆటలన్నీ దాని తర్వాత వచ్చిన ఎక్స్‌పీ కోసం చేసినవి. పాతదాన్ని చూస్తే మొహం తిప్పేసుకుంటాయి. ఓబుళేశు వాటిని బతిమాలి, బుజ్జగించి, కాళ్ళూ చేతులూ కాస్త కత్తిరించి కూర్చోబెడతాడు. అలా ఎనిమిదేళ్ళు గడిచాయి. అతను ఆడిస్తున్నాడు కాబట్టి శెట్టి మిషన్లు మార్చలేదు. శెట్టి మార్చలేదు కాబట్టి అతనికి మరో విద్య రాలేదు.

పోయిన ఏడాది ఒక ఆసుపత్రిలో కంప్యూటరు మనిషి కావాలంటే పోయాడు. కొత్త మిషను ముందు కూర్చోబెట్టి, ఒక ఉత్తరం టైపు చేసి ప్రింటు తియ్యమన్నారు. ఏది ఎక్కడుందో తెలియలేదు. అవతల కుర్చీలో ఉన్న అమ్మాయి, "ఫర్వాలేదండీ, మెల్లగా చూడండి" అంది. ఆ మర్యాదకే అతనికి చెమట పట్టింది. సిగ్గుతో చచ్చిపోయాడు. ఉన్న విద్యంతా ఈ మేడ మీద పదకొండు పెట్టెల్లోనే చెల్లుతుందని ఆ రోజే తెలిసింది.

అందుకే ఈ రోజు ముఖ్యమైంది. కొత్త కార్ల పందెం ఆట ఒకటొచ్చింది, పక్క వీధి సెంటరులో దానికోసం కుర్చీలు ఖాళీ ఉండటం లేదు. నిన్న సాయంత్రం శెట్టి దాని సీడీ తెచ్చిచ్చాడు. "ఓబుళేశూ, ఇది మన మిషన్ల మింద ఆడితే సరే. ఆడకుంటే చెప్పు, రేపు మూడింటికి బేరగాడు వస్తాడు. పాతవి తీసేసి ఎక్స్‌పీ మిషన్లు దించుతా" అన్నాడు. శెట్టి మాటంటే మాటే. ఒక్కసారి ఆడదంటే చాలు, ఎనిమిదేళ్ళ చెర వదులుతుంది.

పొద్దున ఉగ్గాని పెడుతూ భార్య సోమక్క అతనితో ఆ మాట అనిపించింది కూడా.

"ఏదీ, ఒగసారి అను."

"ఆడదు సామీ."

"గట్టిగా."

"ఆడదు సామీ."

"అంతే. దాండ్లో ఏముండాది?" అని ఇంకో గరిటె వడ్డించింది.

మధ్యాహ్నం కరెంటు పోయింది. కౌంటరులో కూర్చునే కుర్రాడు లేవీ, ఓబుళేశూ మెట్ల మీద క్యారియర్లు విప్పారు. లేవికి ఇరవై ఏడేళ్ళు, ఈ మధ్యే ఎక్స్‌పీ కోర్సు చేశాడు. మిషన్లు మారితే నేర్పిస్తానని ఓబుళేశుకు మాటిచ్చాడు.

"అన్నా, కొత్త మిషన్లొస్తే నేనీడనే ఉంటా. రాకుంటే నాలుగింటి బస్సుకి పోతాండా. తుమ్మలపల్లె గని కాడ కాంట్రాక్టరు రేపు మనుషుల్ని తీసుకుంటాడంట, ఆఫీసు పనికి" అన్నాడు లేవి.

"పోవాకప్పా. ఈరోజు చెప్తా."

"ఆ సీడీ ముట్టుకోవాకు. ముట్టుకుంటే ఆడిస్తావు నువ్వు. నాకు తెల్దా!"

ఓబుళేశు నవ్వాడు. నిజంగానే ముట్టుకోకూడదనుకున్నాడు.

కానీ కరెంటొచ్చాక ఒక ఆలోచన పురుగులా తొలిచింది. ఊరికే ఆడదంటే అబద్ధమవుతుంది కదా. ఎక్కడ ఆగిపోతుందో చూసి చెబితే నిజమే చెప్పినట్టుంటుంది. ఏడో మిషనులో సీడీ పెట్టాడు. 'ఈ విండోస్‌లో ఇది నడవదు' అని తెర మీద పడింది. ప్రాణం లేచొచ్చింది. అక్కడే లేచి పోవలసింది. అయితే ఆ మాట చెప్పింది ఆట కాదు, దాని వాకిట్లో కూర్చున్న సెటప్పు అనే కాపలావాడు. వాణ్ణి తప్పించి ఫైళ్ళు నేరుగా లోపలికి ఎత్తిపోయడం ఓబుళేశుకు ఎప్పుడో తెలుసు. పోశాడు. ఈసారి ఏదో ఫైలు లేదంది. ఎక్కడో దూరదేశంలో ఇలాంటి పాత మిషన్లతోనే తంటాలు పడే మనిషెవరో, అలాంటి లోటు పూడ్చడానికొక చిన్న ఫైలు చేసి నెట్‌లో ఊరికే పెట్టాడు. అది ఓబుళేశు దగ్గరుంది. వేశాడు. తెర నల్లగా ఆగిపోయింది. మొదట్లో వచ్చే సినిమా ముక్క వల్లేనని తోచి, ఆటకు దొరక్కుండా దాని పేరు మార్చాడు. ఆపైన నీడలు తీసేశాడు, వాన తీసేశాడు, జనాన్ని తీసేశాడు.

చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. అతనికి ఆనందంగా ఉంది. ఆ ఆనందాన్ని చూసి భయంగానూ ఉంది. ఎర్ర కారు ఒకటి ఖాళీ రోడ్డు మీద కదిలింది.

"కట్టెయ్ అన్నా. ఇంకా ఎవురూ చూడలేదు" అన్నాడు వెనక నుంచి లేవి.

ఓబుళేశు స్విచ్చి మీద చెయ్యి వేశాడు. ఒక్క చుట్టు తిరిగి రానీ అనుకున్నాడు. ఇంతా చేసి, చివరిదాకా పోతుందో లేదో చూడకపోతే ఎలా? కారు చుట్టు తిరిగి వచ్చేసరికి శెట్టి మెట్లెక్కి వచ్చి, గల్లా పెట్టె దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఏమప్పా, ఆడుతాందా?"

పొద్దున నోటికి వచ్చిన మాట ఇప్పుడు గొంతు దాటలేదు. ఆ పెట్టె ముందు ఇరవై రెండేళ్ళలో ఒక్కసారీ అనలేదు మరి.

"ఆడుతాంది సామీ."

శెట్టి తెర చూసి, "నీవుంటే ఈ మిషన్లకి నూరేండ్లాయుస్సురా" అని వీపు తట్టాడు. సెల్లు తీసి బేరగాణ్ణి రావద్దన్నాడు. ఆ ఆట తక్కిన పదింటిలోనూ వెయ్యమని చెప్పి మెట్లు దిగిపోయాడు.

లేవి కోప్పడి ఉంటే బాగుండేది. తన క్యారియరు కడిగి సంచిలో పెట్టుకున్నాడు. కౌంటరు మీద చిందిన నీళ్ళు తుడిచాడు. "వస్తా అన్నా" అన్నాడు.

"ఏమనుకోవాకు లేవీ."

"నీ మింద నేనేమనుకుంటా!" అని చెప్పులేసుకున్నాడు. మెట్లు దిగేటప్పుడు వెనక్కి చూడలేదు. ఓబుళేశు కిటికీలోంచి చూస్తుండగానే సందు మలుపులో ఆటో ఎక్కేశాడు.

నాలుగున్నరకు పిల్లలు వచ్చి పడ్డారు. ఎవరో హెడ్‌ఫోను అడిగితే ఓబుళేశు కౌంటరు సొరుగు లాగాడు. పైనే ఒక దరఖాస్తు కాగితం ఉంది. గని కాంట్రాక్టరుది. పేరు: ఓబుళేశు. తండ్రి పేరు: పుల్లయ్య. ఊరు: వేంపల్లె. అన్నీ లేవి గుండ్రటి అక్షరాలే. కంప్యూటరు వచ్చునా అన్న చోట, 'బాగా వచ్చు' అని రాశాడు. ఎప్పుడో అందరూ కలిసి దిగిన ఫోటోలోంచి ఓబుళేశును కత్తిరించి అంటించాడు. పక్కన లేవి భుజం సగం అలాగే ఉండిపోయింది. రేపు పదింటికి స్వయముగా రావలెను అని కింద అచ్చులో ఉంది.

రాత్రికి ఇంకో బస్సుంది. ఆ సంగతి ఓబుళేశుకు తెలుసు. 'బాగా వచ్చు' అన్న మాట దగ్గరే చూపు ఆగిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏ కంప్యూటరు వచ్చు నాకు, లేవీ? అనుకున్నాడు.

"అన్నా, కారు ఆగిపోయింది!" ఏడో మిషను దగ్గర ఎవరో అరిచారు.

"వస్తాండా" అన్నాడు. కాగితం ఫ్యాను గాలికి లేస్తుంటే, చేతికందిన పాత మౌసు దాని మీద పెట్టి లేచాడు. మౌసు తీగ అక్షరాలకు అడ్డంగా పడింది. దాని పక్కనే, సంతకం చోట, ఇక్కడ పెట్టమని లేవి పెన్సిలుతో గీసిన చిన్న అడ్డగీత ఉంది.