జానెడు తక్కువైన షెడ్డు

కారు ఇంటికొచ్చిన సాయంత్రం సందులో మగాళ్లందరూ బయటికొచ్చి నిలబడ్డారు. కొత్త పెళ్లికూతురు దిగినా ఆ మొహాలు అంతగా వెలగవని వెర్లీన్ ఒట్టేసి చెప్పగలదు. తను కాపురానికొచ్చిన రోజూ ఈ మొహాలనే చూసింది మరి.

నల్లటి కాడిలాక్. ఆ కొసన మొదలుపెట్టిన చూపు ఈ కొసకి రావాలంటే మెడ తిప్పాలి. వెనక రెండు రెక్కలు నిక్కి ఉన్నాయి, ఒక్కోదానికి రెండేసి ఎర్రదీపాలు. రెక్కలున్నాయి కదా ఎగురుతుందా అంటే ఎగరదు. చేపతోక అనుకుందామంటే ఈదదు. ఉన్నచోట ఉండి పక్కింటివాడి కడుపు మండించడమే దాని పని, అది మాత్రం దివ్యంగా చేస్తుంది.

"ఎలా ఉందే?" అన్నాడు ఆమె మొగుడు క్లియోఫస్, తలుపు తీసి పట్టుకుని. ఆదివారం సూటు వేసుకుని వెళ్లి తెచ్చాడు దాన్ని.

"శవాల బండి కూడా ఈ కంపెనీదేగా. ఎలాగూ ఒకరోజు ఎక్కిస్తారు, నాకేం తొందర?" అంది వెర్లీన్.

మగాళ్లు గొల్లున నవ్వారు. క్లియోఫస్ కూడా నవ్వాడు. ఆ రోజు అతన్ని చెప్పుతో కొట్టినా నవ్వేవాడే.

క్లియోఫస్ టిబ్స్ డెట్రాయిట్‌లో క్లార్క్ వీధి కార్ఖానాలో కాడిలాక్‌లకు ముందు బంపర్లు బిగిస్తాడు. బైబిల్లో పది వచనాలు వరసగా చెప్పమంటే తడబడతాడు గానీ కాడిలాక్ పురాణం ఎత్తుకుంటే ఆపేవాడు లేడు. హ్యాండిల్ తిప్పే బాధ లేకుండా మీట నొక్కితే లేచే కారు మొదట మనదే. ఇంగ్లండు వాళ్ల ఎదుట మూడు కార్లు ఊడదీసి, ముక్కలన్నీ కలగాపులగం చేసి, మళ్లీ మూడు కార్లు బిగించి తోలి చూపించింది మనమే. ఒక్క ముక్కా ఆకురాయి అడగలేదు, వెంట్రుకవాసి తేడా లేదు. అన్నిటికీ మనమే, మనదే. గంట కొడితే తప్ప లైను వదిలి రాలేని మనిషి 'మనదే' అంటుంటే వెర్లీన్‌కు ఒళ్లు మండేది.

"ఏది మనదయ్యా?" అనేది. "మన నల్లవాళ్లు డబ్బు సంచి పట్టుకెళ్లినా షోరూం గడప తొక్కనివ్వని రోజులు మర్చిపోయావా? తెల్లవాడి చేతికి డబ్బిచ్చి వాడి పేరున కొనిపించుకునేవాళ్లు. తర్వాత కాలం బాగోలేక కొనేవాడు కరువైతే అప్పుడు తలుపు తీశారు. గుమ్మం బయట అన్నేళ్లు నిలబెట్టినవాడు కుర్చీ వేస్తే కూర్చోవాలి గానీ, ఆ కుర్చీకి దండం పెడతారటయ్యా?"

"అందుకేనే కొన్నది," అన్నాడతను ఒకసారి. "సూటు వేసుకుని ముందు గుమ్మంలోంచి వెళ్లాను. షోరూంవాడు లేచి నిలబడి మిస్టర్ టిబ్స్ అన్నాడు."

"లేచింది నీకు కాదు, నీ జేబుకి."

ఇంతకీ ఆ సాయంత్రం సంగతి. దండలొక్కటే తక్కువగా ఊరేగింపు సందులోకి వచ్చింది. క్లియోఫస్ కారుని మెల్లగా షెడ్డులోకి పోనిచ్చాడు. ముందు బంపర్ వెళ్లి వెనక గోడని ముద్దుపెట్టుకుంది. దిగి చూస్తే రెక్కలింకా బయటే ఉన్నాయి. తలుపు మూద్దామంటే పడటంలేదు. చెయ్యి చాపి కొలిచాడు. జానెడు తక్కువ.

వెంట్రుకవాసి లెక్కల మనిషి తన షెడ్డు కొలుచుకోలేదు! వెర్లీన్ గోడకి ఆనుకుని నవ్వలేక చచ్చింది. నిజానికి ఆ సందులో ఈ తప్పు చెయ్యని మగాడు లేడు. షెడ్లన్నీ బుల్లి కార్ల కాలంలో కట్టినవి. కార్లు ఏటికేడు సాగుతుంటే షెడ్లు ఎక్కణ్ణించి సాగుతాయి? కార్ఖానాలో అణువణువూ కొలిచి వచ్చేవాళ్లే, కొత్త కారు మోజులో ఇంటిని కొలవడం మరిచిపోతారు. తర్వాత వెనక గోడ పగలగొట్టి, కారు ముక్కు పట్టేలా చెక్కగూడు కట్టుకుంటారు. అందుకే సందు పొడుగునా ప్రతి షెడ్డుకీ వెనక బానపొట్ట. ఎదురింటి ఓజెల్ క్రంప్ అయితే పెళ్లాం కూరమడి తొక్కేసి మరీ కట్టాడు గూడు. ఇప్పుడా ఇంట్లో ఆకుకూర అంగట్లో కొనుక్కుంటారు.

కానీ టిబ్స్ షెడ్డు వెనక కూరమడి లేదు. ఇటుక గోడకి అవతల వెర్లీన్ బ్యూటీ పార్లర్ ఉంది.

ముందు ఉన్న ఇంటివాడెవరో పోలండు వడ్రంగి, షెడ్డు వెనక భాగం పనిగదిగా కట్టుకున్నాడట. అందులో ఒక్క కుర్చీ, ఒక అద్దం, ఉంగరాల జుట్టు సాపుచేసే ఇనప దువ్వెనలు కాల్చుకునే చిన్న పొయ్యి. మనిషి అటూ ఇటూ తిరగాలంటే ఒద్దికగా తిరగాలి. అంతకుముందు హేస్టింగ్స్ వీధిలో ఆమెకి నాలుగు కుర్చీల పార్లరుండేది, కిటికీ అద్దం మీద బంగారు అక్షరాల్లో ఆమె పేరు. కార్లు దూసుకుపోవడానికి వెడల్పాటి రోడ్డు కావాలని నగరంవాళ్లు వీధికి వీధే నేలమట్టం చేశారు. అద్దం ఊడదీసుకుందామని వెళ్లేసరికి అద్దమూ లేదు, గోడా లేదు. అప్పటినుంచీ ఆమె లోకం ఈ గదే. శనివారం వస్తే చర్చికని జుట్టు నున్నగా చేయించుకునే ఆడవాళ్లు సందులో బారులు తీరతారు.

"ఒక్క జానెడే కదే," అన్నాడు క్లియోఫస్ అన్నం దగ్గర. "గోడకి కింద చిన్న కన్నం. ముక్కు నీ గదిలోకి కాస్త వస్తుంది. నువ్వు దాని మీద తువ్వాళ్లు ఆరేసుకోవచ్చు."

"నా గదిలో కుర్చీ ఎక్కడ పెట్టను? నీ నెత్తినా?"

"మంచు కురిస్తే రెక్కలు తుప్పుపడతాయే!"

"పట్టనీ. తుప్పు కూడా మీదేగా."

వారమంతా కారు తోక బయటే ఉంది. దాని మీద క్లియోఫస్ బొంత కప్పాడు, అదీ వెర్లీన్ వాళ్లమ్మ కుట్టిన బొంత. ఓజెల్ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి, "ఏం తమ్ముడూ, ఆడదాని మాటకి కాడిలాక్‌ని చలిలో పడుకోబెట్టావా?" అని ఎగదోసి పోయేవాడు. నిప్పు అంటించి చలికాచుకునే రకం.

శనివారం ఆకాశం బూడిదరంగుకి తిరిగింది. వెర్లీన్ కుర్చీలో ఐడబెల్ పంతులమ్మ ఉంది, సగం జుట్టు నున్నగా, సగం జుట్టు ఇంకా చిక్కులతో. బడిలో చరిత్ర చెప్పే మనిషి, కబుర్లకి కొదవలేదు.

"ఆ కారు మీద కిరీటం, డాలు బొమ్మ చూశావా?" అంది ఐడబెల్. "ఈ ఊరికి పునాది వేసిన ఫ్రెంచివాడిది, కారు పేరూ వాడిదే. వాడసలు ఏ జమీందారూ కాదు. ఓడ దిగుతూనే పేరు మార్చుకుని, ఇంకెవరిదో వంశముద్ర కాస్త అటూ ఇటూ చేసి తగిలించుకున్నాడు."

"అంటే దొంగ దొరతనమా?" వెర్లీన్ చేతిలో దువ్వెన ఆగింది. "ఓరి దేవుడా! ఆ బొమ్మని మా ఆయన చొక్కా అంచుతో తుడుస్తాడు అమ్మా, ముక్కు తుడవడానికి పసిబిడ్డ లేక!"

ఇద్దరూ నవ్వుతుండగానే గోడ దభీమంది. అలమర ఊగి నూనె సీసా కిందపడి పగిలింది. రెండో దెబ్బకి గోడలోంచి ఒక ఇటుక ఊడి వెర్లీన్ కాళ్ల దగ్గర పడింది. ఆ కన్నంలోంచి ఓజెల్ గొంతు వినబడింది: "కొట్టు తమ్ముడూ, మెత్తగానే ఉంది!"

వెర్లీన్ చేతిలో కాలిన దువ్వెనతోనే పక్క తలుపు తీసుకుని షెడ్డులోకి వెళ్లింది. కారు వెనక్కి తోసి, గోడ ముందు క్లియోఫస్ సమ్మెట ఎత్తి ఉన్నాడు.

"అన్నా, నువ్వు బయటికి నడు," అంది ఓజెల్‌తో.

"అది కాదు చెల్లెమ్మా, మావాడు..."

"నీ పెళ్లాం కూరమడి మింగావు, అరిగిందిగా? నడు."

దువ్వెనలోంచి ఇంకా పొగ వస్తోంది. ఓజెల్ నడిచాడు. వెర్లీన్ మొగుడి వైపు తిరిగింది. అరుస్తుందనుకున్నాడతను, అరిస్తే బాగుండేది.

"రోడ్డు కోసం హేస్టింగ్స్ వీధిలో నన్ను లేపేశారు. కార్లు పరిగెత్తడానికి చోటు కావాలన్నారు, ఇచ్చాను. ఇప్పుడు కారు పడుకోవడానికి చోటు కావాలంటున్నావు. వాళ్లు ముందుగా కబురైనా పంపారు క్లియో. పైగా వాళ్లు నాకేమీ కారు."

క్లియోఫస్ సమ్మెట కింద పెట్టాడు. వెర్లీన్ వెనక్కి వెళ్లి ఐడబెల్ తల పూర్తిచేసింది.

ఇటుక తిరిగి పెడతానని క్లియోఫస్ అంటే వెర్లీన్ వద్దంది. "ఉండనీ, కనబడుతుండాలి," అంది. ఆ కన్నంలోంచి చూస్తే సరిగ్గా దొంగ దొరగారి డాలు కనిపించేది.

ఆ తర్వాత ఇంట్లో మాటల్లేవు. పార్లరుకి సెలవైన సోమవారం సాయంత్రం, ఆమె పొయ్యి తోముకుంటుంటే గోడ అవతల ఇనుము టింగుటింగున మోగింది. మళ్లీ సమ్మెటే అనుకుని ఒక్క ఉదుటున లేచి కన్నంలోంచి చూసింది. క్లియోఫస్ వెల్లకిలా పడుకుని కారు మూతి కింద దూరాడు. కాసేపటికి ముందు బంపర్ ఊడి అతని రొమ్ము మీదికి దిగింది. దాన్ని చంటిపిల్లాడిలా పట్టుకుని పక్కకి దొర్లి, బొంత మీద పడుకోబెట్టాడు. లేచి కారుని ముందుకు నెట్టాడు. డాలు దాదాపు కన్నానికి ఆనింది. వెళ్లి తలుపు లాగాడు. పడింది.

బంపర్ పోయిన కాడిలాక్ మొహం, కట్టుడుపళ్లు తీసి గ్లాసులో వేసుకున్న ముసలి దొరలా ఉంది. వెర్లీన్ నవ్వాపుకోలేకపోయింది. శనివారం తర్వాత ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు.

"నవ్వుకో," అన్నాడు క్లియోఫస్ కన్నంలోంచి. "రోజూ చేసే పనేగా. ఆదివారం పొద్దున బిగిస్తాను, సాయంత్రం ఊడదీస్తాను. తక్కిన రోజులు నాకు బస్సుంది."

"ప్రతి ఆదివారమూ?"

"ప్రతి ఆదివారమూ."

"బతికున్నన్నాళ్లూ?"

"కారు బతికున్నన్నాళ్లూ," అన్నాడు. బొంత అంచు బంపర్ మీదికి లాగి, "గోడ నీదే," అన్నాడు.

ఆదివారం మంచు పడింది. బంపర్ ఊడదీయడం ఒక్కడివల్ల అయింది గానీ, ఎత్తి బిగించడానికి రెండో మనిషి కావాలి. కార్ఖానాలో ఆ రెండో మనిషి ఉంటాడు. ఇక్కడ ఓజెల్‌ని పిలిస్తే, "కాడిలాక్ పళ్లు పీకేవాడికి నేను సాయం రాను," అని కిటికీలోంచే చెప్పాడు. క్లియోఫస్ ఆదివారం సూటులో, మోకాలి మీద ఒక కొస నిలబెట్టి, రెండో కొస జారిపోతుంటే బూతులు మింగుతున్నాడు. చర్చికి వెళ్లేముందు కదా.

ఊదారంగు టోపీ, తెల్ల గ్లౌజులు వేసుకుని వెర్లీన్ వచ్చింది. కాసేపు చోద్యం చూసింది. తర్వాత వంగి రెండో కొస పట్టుకుంది.

"గ్లౌజులు తియ్యకేం," అన్నాడతను కారు కిందనించి. "వేళ్ల ముద్రలు పడతాయి."

"నోరు మూసుకుని బిగించు. ఛీ! దీని బతుకూ ఒక బతుకేనా? దొంగ పేరు, దొంగ డాలు, ఎగరని రెక్కలు, ఇప్పుడు పెట్టుడు పళ్లూనూ."

"కొంచెం పైకెత్తు."

ఎత్తింది. బరువుకి భుజం లాగింది, అయినా అతను చాలనేదాకా దించలేదు.

చర్చి ముందు కారు ఆగగానే జనం మూగారు. మెట్ల మీంచి సంఘపెద్ద గ్రేడీ గారు దిగి వచ్చి రెక్కలు నిమిరారు. ఈమధ్యే ఆయన కూడా షెడ్డు గోడ కూల్చుకున్నారు. "టిబ్స్, మీ షెడ్డులో ఇది ఎలా పట్టిందయ్యా? మా అందరికీ గోడలు పోయాయే!"

క్లియోఫస్ గొంతు సవరించుకున్నాడు. ఇంగ్లండు కథతో మొదలుపెట్టబోతున్నాడని వెర్లీన్‌కు అర్థమైంది. గ్రీజు అంటిన గ్లౌజు చేతిని గ్రేడీ గారి చేతిలో పెట్టి కారు దిగింది.

"మా ఇంట్లో గోడ కదల్లేదు పెద్దాయనా," అంది. "కారే తగ్గింది."