కొంగు మూలన పసుపు

కత్తెర మొనను కవరు అంచు కిందికి దూర్చి దేవవ్వ ఒక్క లాగు లాగింది. నల్ల కవరు నిలువునా చిరిగి, లోపలి చీర ప్లాస్టిక్ సంచితో సహా బల్ల మీదికి జారింది. ఎదురుగా నిలబడ్డ తేజశ్రీ ఫోన్ కాస్త కిందికి వంచి వీడియో నొక్కింది.

ఆ వీడియోల్లో దేవవ్వ ముఖం ఎన్నడూ పడదు. పడేవి చేతులే. మణికట్టు మీద వెలిసిపోయిన పచ్చబొట్టు, పొట్టిగా అరిగిన గోళ్ళు, చూపుడువేలి మీద పాత కత్తెర గాటు. ఆ చేతులు వాపసు వచ్చిన చీరను విప్పుతాయి, తిప్పుతాయి, కొంగు నుంచి లోపలి చెరగు దాకా ఫోనుకు చూపిస్తాయి. కట్టని చీరైతే పాస్. కొన్నవాళ్ళ డబ్బు వాళ్ళకు తిరిగిపోతుంది. కట్టిందో, మరక పడిందో అయితే ఫెయిల్. ఆ చీరే మళ్ళీ వాళ్ళ ఇల్లు చేరుతుంది. ఆ షాపుకు గుమ్మం లేదు, బోర్డు లేదు. ఫోన్లలో మాత్రం ఉంటుంది. దానికి ఉన్నదల్లా సూరత్ పక్క బమ్రోలిలో ఈ గోదాం, గోదాం పై అంతస్తులో ఈ బల్ల.

"కారణం ఏం రాసిండ్రు?" దేవవ్వ అడిగింది.

"రంగు ఫొటోల లెక్క లేదట."

దేవవ్వ మెరూన్ చీర మడతను ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. కళ్ళు మూసుకుంది. "రంగు గాదు, పాడు గాదు. పెండ్లికి కట్టుకపోయి వచ్చింది. గంధం, బగార అన్నం, గింత చెమట. గీడ సూడు, పిన్ను పెట్టిన తొర్ర."

భుజం మీదికి వచ్చేచోట రెండు సన్నని రంధ్రాలు కనిపించాయి. తేజశ్రీ నవ్వుతూ ఫెయిల్ నొక్కింది. "పెద్దమ్మా, నువ్వు పోలీసుల ఉండాల్సింది."

"ఉంటె? దొంగలను వాసన సూస్తుంటినా? గీ చీరలే నయం."

తేజశ్రీ సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. ఫోన్లు, కంప్యూటరు ఆమె పని. వచ్చిన ప్రతి చీరకూ కాగితం మీద ఒక కారణం ఉంటుంది, అసలు కారణం వేరే ఉంటుంది. ఆ రెండోదాన్ని కనిపెట్టడం వాళ్ళిద్దరి ఆట. ఆ ఆట లేకపోతే పొద్దు గడవదు. దేవవ్వకైతే ఇంటికి పోయాక కూడా కొన్ని చీరలు బుర్రలో తిరుగుతూనే ఉంటాయి. ఆ పిల్లకు అత్తగారు కట్టుకోనిచ్చిందా లేదా, ఆ లావాటామె ఆ పల్చటి చీర ఎందుకు తెప్పించుకుంది అని.

తర్వాతి కవరులోంచి ఆకుపచ్చ చీర వచ్చింది. అప్పుడే నాటిన వరినారు పచ్చ. అంచు పొడుగునా మామిడిపిందెల వరస. అట్ట మీద వేసిన మడత కదల్లేదు, ట్యాగు తెగలేదు. దేవవ్వ వాసన చూసి కనుబొమలు ముడిచింది. కొత్త గుడ్డ వాసన వెనక ఇంకేదో ఉంది. మళ్ళీ చూసింది. తునికాకు. పెళ్ళయి సూరత్ రాకముందు సిరిసిల్ల దగ్గర తమ ఊళ్ళో తనూ ఆ ఆకుతో బీడీలు చుట్టింది. ఆ వాసన ఎక్కడున్నా పట్టేస్తుంది.

"ఊరు?"

"గంభీరావుపేట దగ్గరి పల్లె. పేరు ఆగయ్య. కారణం... ఇగ అవసరం లేదట."

"మొగాయన చీర తెప్పిచ్చుకున్నడా!" అంటూ కొంగు మూల తిప్పిన దేవవ్వ చేయి ఆగిపోయింది. మూలన పసుపు ఉంది.

"అరె, దాగ్! ఫెయిల్ నొక్కాల్నా?"

"ఆగు జర. గది మరక గాదు బిడ్డా, కొత్త చీరకు పెట్టే పసుపు. మీ అమ్మ పెట్టదా?"

"పెడ్తది. గాని భావేశ్‌భాయ్‌కు ఎవరు చెప్పాలె?"

సూపర్‌వైజర్ భావేశ్‌భాయ్ ఆ మాటకే పిలిచినట్టు వచ్చాడు. చెవిలో ఒక ఫోన్, చేతిలో ఒక ఫోన్. "క్యా హువా, మాసీ?"

ఈ చీర ఎవరూ కట్టలేదని, తమవైపు కట్టేముందు మూలన పసుపు పెట్టడం రివాజని, ఎండకు వేస్తే పోతుందని దేవవ్వ తనకొచ్చిన హిందీలో చెప్పింది. భావేశ్‌భాయ్ మూలను వేలితో రుద్ది చూశాడు. "చీరకేమన్నా జలుబు చేసిందా, పసుపు రాశారు?" అని హిందీలో నవ్వాడు. తర్వాత గోడ గడియారం వైపు చూశాడు. "శామ్ తక్, మాసీ. నహీ గయా తో ఫెయిల్. పార్టీకో ఫోన్ భీ కర్ దో." సాయంత్రానికి పసుపు పోకపోతే ఫెయిలే. పార్టీ అంటే కొన్నవాళ్ళు. చీరను ఆపి ఉంచితే వాళ్ళకు ఫోన్ చేసి చెప్పాలి, అది షాపు పద్ధతి.

దేవవ్వ చీరను డాబా మీదికి పట్టుకుపోయింది. సబ్బు పెడితే పసుపు ఎర్రబడి ఇంకా పట్టుకుంటుంది. ఉత్త నీళ్ళలో గుడ్డ తడిపి మూలను అద్దింది. ప్లాస్టిక్ పట్టా పరిచి, మిగతా చీర సంచిలోనే ఉంచి, కొంగు మూల ఒక్కటి ఎండలోకి లాగి అటూ ఇటూ ఇటుక ముక్కలు పెట్టింది. వానలు వెళ్ళిపోయే రోజులు. మబ్బు వచ్చి పోతోంది. ఎండ పడ్డప్పుడల్లా సుర్రుమంటోంది.

డాబా మీంచి పాండెసరా మిల్లుల పొగగొట్టాలు కనిపిస్తాయి. ఆమె మొగుడు పరుశురాం బతికినన్నాళ్ళూ ఇటువైపు సాంచాల మీదే, అంటే మరమగ్గాల మీదే పనిచేశాడు. ఆ చప్పుడుకు చెవులు పోయాయి, ఆఖరుకు ఊపిరితిత్తులూ పోయాయి. అతను నేసింది తెల్లగుడ్డే. తానులు టెంపో ఎక్కి మిల్లుకు పోయాక వాటికి ఏ రంగు పడిందో, ఏ పువ్వు అచ్చయిందో అతనికి తెలియదు. ఆదివారం బజారులో పోతుంటే ఎదురొచ్చే ఆడవాళ్ళ చీరలు చూసి, "గది నా గుడ్డనే గావచ్చు" అనేవాడు. "సిగ్గులేదా, గట్ల సూస్తరా?" అని ఆమె మోచేత్తో పొడిచేది. "ఆమెను సూస్తలేనే, గుడ్డను సూస్తున్న" అని అతను గట్టిగా అరిచి చెప్పేవాడు. చెవిటివాడు కదా, బజారంతా వినిపించేది. అలా ఊరందరి చీరలూ చూసిన మనిషి ఆమెకు ఏనాడూ ఒక చీర ఎంచి కొనలేదు. ఏది కొనాలో తెలియదనేవాడు. ఆమెకూ ఆ దిగులు ఉండేది కాదు. అతను పోయాక ఇంట్లో అతనిదంటూ వెతికితే రెండు చొక్కాలు దొరికాయి. వాటిని అడిగినవాళ్ళకు ఇచ్చేసింది.

అన్నాల వేళ తేజశ్రీ రొట్టె తుంచుతూ ఆట మొదలుపెట్టింది. "నాకు సమజైంది. బిడ్డకు ఎంగేజ్‌మెంట్ చీర. పిల్ల భాగ్ గయీ, లేచిపోయింది."

"గా పచ్చ చీర పడుచుపిల్ల కడ్తదా? నా ఈడుదానికి తెచ్చింది అది."

"అయితే ఆయన భార్యకు. ఆమె... పోయిందేమో?"

దేవవ్వ ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. "ముత్తైదువ పోతె ఇంట్ల కొత్త చీరుంచుకొని పాత చీరెతోని సాగదోలుతరా? పసుపు పెట్టిన చీరె ఉండనే ఉండె. గదే కప్పుతుండిరి." ఇంకో ముద్ద కలుపుతూ మళ్ళీ అంది. "ఇంకోటి. ఆడోళ్ళం మనం పసుపు ఎట్ల పెడ్తం? ఉంగరం వేలితోని జరంత. గది సూసినవా, ఎంత వెడల్పు ఉన్నదో? బొటనవేలితోని అద్దిండ్రు. ఎవ్వలో ఎన్నడు పెట్టనోళ్ళు."

తేజశ్రీ రొట్టె పక్కన పెట్టేసింది. "పెద్దమ్మా, ఇగ ఆగలేను. ఫోన్ చేస్తున్న."

స్పీకర్ పెట్టింది. రెండుసార్లు ఎవరూ ఎత్తలేదు. మూడోసారి ఒక ఆడగొంతు, భయంగా, "ఎవలు?" అంది.

"ఆంటీ, మీ రిటర్న్ హోల్డ్‌ల ఉంది. ఆగయ్య జీ ఉన్నరా?"

"ఓటీపీ అడిగితె చెప్పద్దన్నరు బిడ్డా. నేను చెప్ప."

"ఓటీపీ గాదు ఆంటీ, మేము షాపు..."

"ఏ షాపోళ్ళకు గూడ చెప్ప."

దేవవ్వ నవ్వాపుకుని ఫోన్ అందుకుంది. "చెల్లే, నన్ను దేవవ్వ అంటరు. మాది సిరిసిల్ల దిక్కే. సూరత్‌ల నీ పచ్చ చీరె నా చేతుల ఉన్నది. దాని మూలకు పసుపు ఉన్నది, గందుకే ఫోన్ చేసినం."

అవతల బీడీల చాట దులుపుతున్న చప్పుడు.

"పసుపు నేను వెట్టలే అక్కా," అంది ఆమె చివరికి. "ఆయన వెట్టిండు. చీరె వచ్చిన్నాడే అన్న, గంత పచ్చగ ఈ ఈడుకు నాకెందుకు, వాపస్ పంపు అని. బీడీలు చేసుకుంట కూసున్న. ఎనుకకు తిరిగి సూసేవరకు వంటింట్ల పసుపు డబ్బ తీసుకొని మూలకు అద్దిండు. ఇగ ఎట్ల పంపుతవో పంపు, పసుపు వెట్టినంక చీరె వాపస్ పోదు అని ఒకటే నవ్వు."

తేజశ్రీ నోరు తెరిచి దేవవ్వ వైపు చూసింది. కనిపెట్టిన సంతోషం ఆ పిల్ల ముఖంలో సగం దాకా వచ్చి ఆగిపోయింది.

"మరి కట్టలేదా చెల్లే?"

"ఆదివారం కట్టు, మల్లన్న గుడికి పోదాం అన్నడు. ఆదివారం పొద్దుగాల లేపితె లేవలే."

గోదాంలో కింది అంతస్తు నుంచి టేపు చింపుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"అల్మార తీస్తె గదే ముంగట కనవడ్తది. ఒగలకు ఇయ్య బుద్ధిగాదు, కట్టరాదు. మా చెల్లె బిడ్డ ఫోన్ల నొక్కి పంపింది." చాట చప్పుడు ఆగింది. "తీసుకుంటరా అక్కా? తీసుకోరా?"

దేవవ్వ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "పొద్దూకే వరకు పసుపు పోతె తీసుకుంటరు, పైసలు వస్తయి. పోకపోతె చీరె మళ్ళ నీ ఇంటికే వస్తది. ఎండల ఏసిన."

"ఎండకు పోతదా?"

"పోతది."

"ఆయన వేలికి రెండు దినాలు పోలేదక్కా. అన్నం తింటుంటె సూసి నవ్వుకున్నం." మళ్ళీ చాట చప్పుడు. తర్వాత, "పోనియ్యి," అని ఫోన్ పెట్టేసింది.

దేవవ్వ చేయి కడుక్కుని డాబా ఎక్కింది. మబ్బు విడిపోయి ఉంది. కొంగు మూల ఎండలో పచ్చగా మెరుస్తోంది. పసుపు సగం వెలిసింది. వంగి దగ్గరగా చూసింది. ఒక పక్క చిక్కగా, ఒక పక్క పల్చగా ఉంది. వేలు పెట్టి పక్కకు జరిపినట్టుంది. కొంచెం భయపడుతూ, కొంచెం తొందరగా పెట్టి ఉంటాడు, ఆమె ఎక్కడ చూసేస్తుందోనని.

దేవవ్వ తన నీడ ఆ మూల మీద పడేలా నిలబడింది. అలాగే నిలబడితే చాలు. సాయంత్రం దాకా అక్కర్లేదు, మంచి ఎండ ఉన్న ఈ కాసేపు నీడ పడితే మరక మిగిలిపోతుంది. చీర ఫెయిలవుతుంది. వద్దన్నా మళ్ళీ ఆ అల్మారాకే చేరుతుంది. ఇప్పుడు వద్దంటోంది కానీ ఏడాది పోయాక ఒక పొద్దు ఆ మూల కోసం వెతుక్కుంటుందేమో. తను ఆ రెండు చొక్కాలు ఇచ్చేసిన తర్వాత, పరుశురాం చొక్కా జేబు కుడివైపు ఉండేదా ఎడమవైపు ఉండేదా అని ఎంతసేపు ఆలోచించిందో. ఇప్పటికీ గుర్తు రాలేదు.

కానీ ఆగయ్య భార్య పోనియ్యమంది. ఏడుస్తూ అనలేదు, ఎవరో అనమంటే అనలేదు. చేతిలో చాట పెట్టుకుని, రేపటి పని చూసుకుంటూ అంది. ఆ మాటను కాదనడానికి తనెవరు?

దేవవ్వ పక్కకు జరిగింది. ఎండ మళ్ళీ మూల మీద పడింది. గుడ్డ తడిపి ఇంకోసారి అద్ది, ఇటుకలు సరిచేసి, మెట్లు దిగింది.

సాయంత్రం తేజశ్రీ వీడియో నొక్కింది. దేవవ్వ చేతులు చీరను విప్పాయి, తిప్పాయి, కొంగు మూలను ఫోనుకు దగ్గరగా తెచ్చాయి. భావేశ్‌భాయ్ కూడా వంగి చూశాడు. వరినారు పచ్చ తప్ప ఏమీ లేదు.

"వాహ్, మాసీ," అని వెళ్ళిపోయాడు.

"పాస్," అంది తేజశ్రీ. నొక్కింది. "ఆగయ్య ఫోన్‌కు మెసేజ్ పోయింది. పైసలు వాపస్ అని." కాసేపు స్క్రీన్ వైపే చూస్తూ ఉంది. "ఇది మళ్ళ ఎవరికి పోతదో పెద్దమ్మా."

"ఎవ్వలకన్న పోనియ్యి. మన దిక్కైతె మళ్ళ అదే మూలకు పసుపు వెడ్తరు."

పాత మడత గీతల మీదే మడిచి, అట్ట పెట్టి, కొత్త సంచిలోకి తోసి, దేవవ్వ చీరను రాక్‌లో మిగతావాటి మధ్య పెట్టింది. పెట్టిన తర్వాత ఇక వాటిలో అది ఏదో వెతుక్కోవాల్సిందే.

బల్ల తుడవబోతే పాత ప్లాస్టిక్ సంచి చేతికి తగిలింది. చుట్టి డబ్బాలో వేయబోయి, వెలుతురుకు ఎత్తి చూసింది. ఆగయ్య పసుపు పెట్టిన చేత్తోనే చీరను దాంట్లోకి తోసినట్టున్నాడు. తేజశ్రీని పిలవబోయి మానుకుంది. ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా దాని మీద కత్తెర పెట్టి, టిఫిన్ డబ్బాను తన చేతిసంచిలో వేసుకుని దీపాలార్పింది.

చీకట్లో బల్ల మీద కత్తెర కింద ఆ సంచి కదలకుండా ఉంది, లోపలివైపు బొటనవేలంత పసుపు అంటుకుని.